సర్వర్ల సమయ సమన్వయం, దాని చిక్కులు: గోదావరి డెల్టా

ఒక సంస్థలోని సర్వర్లన్నీ ఒకే సమయం చూపించేలా నెట్‌వర్క్ ద్వారా వాటి గడియారాలను దిద్దుతూ ఉండడమే సమయ సమన్వయం. కంప్యూటర్ విభాగాల్లో దీన్ని టైమ్ సింక్ అంటారు. ఇందుకు ఎక్కువగా వాడేది నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం పనిచేసిన డేవిడ్ మిల్స్ దీని రూపకర్త. తొలి నిర్వచనం 1985లో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్న నాలుగో కూర్పును 2010లో ప్రమాణంగా ప్రకటించారు. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశాడు.

గోదావరి జిల్లాల్లో ఈ అవసరం చిన్నదేమీ కాదు. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ అసెట్ కార్యాలయం, కాకినాడ దగ్గర గాడిమొగలో కేజీ-డీ6 గ్యాస్ టెర్మినల్, వేమగిరిలో విద్యుత్ కేంద్రాలు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాల నమోదు, కాకినాడ జేఎన్‌టీయూ, నన్నయ విశ్వవిద్యాలయం, ఊరూరా బ్యాంకు శాఖలు. వీటన్నిటి వెనక ఎక్కడో ఒక సర్వర్ గది, ఆ గదిలో నడిచే గడియారాలు ఉన్నాయి. గడియారం తప్పినంత మాత్రాన సర్వర్ ఆగదు, తప్పుడు తేదీతోనే పని సాగించేస్తుంది. అందుకే ఈ లోపం ఆలస్యంగా బయటపడుతుంది, బయటపడ్డప్పుడు కూడా మరేదో లోపంలా కనిపిస్తుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కుదరదు. భద్రతా సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటుంది. ఆథెంటికేటర్ యాప్ ఇచ్చిన ఆరంకెల కోడ్ చెల్లదంటుంది. డేటాబేస్‌లో ఇప్పుడే మార్చిన వివరం పోయి పాతదే మిగిలి ఉంటుంది.

డెల్టా, ప్రామాణిక సమయం

దూరాన ఉన్న గడియారాలను ఒక్క చోటి నుంచి దిద్దే పద్ధతి ఈ తీరానికి కంప్యూటర్లతో రాలేదు. 1792లో కట్టిన మద్రాసు వేధశాల వెనక ఉన్న మనిషి మైకేల్ టాపింగ్. గోదావరి, కృష్ణా నదుల మీద ఈస్టిండియా కంపెనీ తరఫున తొలి సర్వేలు చేసినవాడు కూడా ఆయనే. 1796లో మచిలీపట్నంలో మరణించాడు. ఆయన తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ ఆ వేధశాల రేఖాంశాన్ని కొలిచాడు. ఆ కొలత మీద నిలిచిన మద్రాసు సమయాన్ని తర్వాతి కాలంలో రైల్వేలు పాటించాయి, తంతి తీగల ద్వారా స్టేషన్లకు సమయ సంకేతం వెళ్లేది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయం వచ్చింది. అది మద్రాసు సమయం కన్నా దాదాపు 9 నిమిషాలు ముందుంది.

ఆ ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడ మీదుగా వెళ్తుందని పాఠాల్లో చెబుతారు. నిజానికి కాకినాడ పట్టణం ఆ రేఖకు పావు డిగ్రీ పడమరన ఉంది. రేఖ తుని, తొండంగి పరిసరాల్లో తీరం దాటి బంగాళాఖాతంలోకి పోతుంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాలు కాబట్టి సూర్యుడి లెక్కన కాకినాడ ప్రామాణిక సమయానికి ఒక్క నిమిషం వెనక, రాజమహేంద్రవరం సుమారు మూడు నిమిషాల వెనక, భీమవరం దాదాపు నాలుగు నిమిషాల వెనక ఉంటాయి. అన్నవరం కొండ మీది నీడగడియారానికి ఈ తేడా అర నిమిషం లోపే. అయినా నవంబరు మొదట్లో అది చేతి గడియారం కన్నా పదహారు నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరి మధ్యలో పద్నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. భూమి కక్ష్య వల్ల, అక్షం వాలు వల్ల వచ్చే ఈ తేడా పట్టికలో ముందే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ తప్పు అనరు. సర్వర్ల విషయంలోనూ ముందుగా తేల్చుకోవలసింది ఇదే. లెక్క తెలిసిన తేడా వేరు, లెక్క తెలియని తప్పు వేరు.

నేటి ప్రామాణిక సమయం ఆ రేఖ మీద పుట్టదు. న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీజియం పరమాణు గడియారాలు దాన్ని నిలబెడుతున్నాయి. ప్రపంచ సమన్వయ సమయానికి అది సరిగ్గా ఐదున్నర గంటలు ముందు. ఎన్‌టీపీ ప్యాకెట్లలో మాత్రం ఎప్పుడూ ప్రపంచ సమయమే ప్రయాణిస్తుంది. ఐదున్నర గంటలు కలపడం ఒక్కో యంత్రం తన దగ్గర చేసుకునే పని.

ఎంత కచ్చితం కావాలి

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా మరమ్మతు మొదలుపెడితే శ్రమ వృథా అవుతుంది. డెల్టాలో అన్ని స్థాయిల అవసరాలూ ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల పైన క్యూసెక్కులు దాటిన ఈ బ్యారేజీ దగ్గర నమోదు సమయం నిమిషం అటూఇటూ అయినా ఫరవాలేదు, గంట తప్పితే మాత్రం లంక గ్రామాల తరలింపు లెక్కే మారిపోతుంది. విండోస్ డొమైన్లలో లాగిన్‌ను పరీక్షించే కెర్బరోస్ పద్ధతి మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకు ఓర్చుకుంటుంది. దాడులను వెతికే లాగ్‌లకు సెకనులోపు పొందిక కావాలి. ఆఖరున రాసిందే చెల్లుతుందనే నియమం మీద నడిచే కాసాండ్రా వంటి డేటాబేస్‌లకు మిల్లీసెకన్లు ముఖ్యం. గడియారం వెనకబడ్డ యంత్రం ఇప్పుడు రాసినది పాతదిగా లెక్కకొచ్చి, చెప్పాపెట్టకుండా చెరిగిపోతుంది. విద్యుత్ గ్రిడ్‌లో ఫేజ్ కోణాన్ని కొలిచే పరికరాలకు మైక్రోసెకను స్థాయి కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర ఒక్క మైక్రోసెకను తప్పితే కోణం 0.018 డిగ్రీలు తప్పుతుంది. దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దేశ గ్రిడ్‌లో కలిశాక, ఇక్కడి ట్రిప్పింగ్‌ను వెయ్యి కిలోమీటర్ల దూరంలోని రికార్డర్‌తో సరిపోల్చి చూడవలసిన పరిస్థితి వచ్చింది. ఆ స్థాయి పని ఎన్‌టీపీ చేయలేదు. అక్కడ ఉపగ్రహ రిసీవర్లు, ప్రిసిషన్ టైమ్ ప్రోటోకాల్ అవసరం.

సీసీ కెమెరాల గురించి ఇక్కడే చెప్పాలి. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలి రోజున రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా భక్తులు చనిపోయారు. అలాంటి విచారణల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్న నిమిషాల వరసే సాక్ష్యం. ఒక్కో రికార్డర్ ఒక్కో సమయం చూపిస్తే ఆ వరసను మళ్లీ పేర్చడం ఎంతో కష్టం. ఈ ప్రాంతంలో 2027 పుష్కరాలకు కెమెరాలు బిగించే ప్రతి సంస్థా రికార్డర్ల సమయాన్ని కెమెరాల సంఖ్యంత ముఖ్యంగా చూడాలి.

ఎన్‌టీపీ ఎలా పనిచేస్తుంది

పరమాణు గడియారం లేదా ఉపగ్రహ రిసీవర్ సున్నా స్థాయి. దానికి నేరుగా కట్టిన సర్వర్ ఒకటో స్ట్రాటమ్, దాన్ని చూసి దిద్దుకునేది రెండో స్ట్రాటమ్, అలా పదిహేను వరకు. పదహారు కనిపిస్తే ఆ యంత్రానికి ఏ ఆధారమూ లేదని అర్థం.

దిద్దుబాటు నాలుగు సమయాల మీద జరుగుతుంది. ప్రశ్న బయల్దేరిన సమయం, అవతలికి చేరిన సమయం, జవాబు బయల్దేరిన సమయం, తిరిగి చేరిన సమయం. వీటి నుంచి ప్రయాణానికి పట్టిన కాలాన్నీ గడియారాల మధ్య తేడానూ లెక్కగడతారు. ఈ లెక్క ఒక ఊహ మీద నిలబడి ఉంది: పోయేదారి, వచ్చేదారి సమానమని. పోవడానికి 10 మిల్లీసెకన్లు, రావడానికి 50 మిల్లీసెకన్లు పడితే సర్వర్ గడియారం 20 మిల్లీసెకన్లు తప్పు దిద్దుకుని, ఆ తప్పునే ఒప్పని నమ్ముతుంది. ప్రధాన కార్యాలయానికి వెళ్లేది ఫైబర్ మీద, తిరిగొచ్చేది బ్యాకప్ లింకు మీద అయ్యే మారుమూల శాఖల్లో ఇది నిత్యం జరిగేదే. ఏ ఆజ్ఞతో అడిగినా ఈ తప్పు కనిపించదు, వేరే దారిలో వచ్చే మరో ఆధారంతో పోల్చినప్పుడే తెలుస్తుంది.

చిక్కు విప్పే పద్ధతి

కోనసీమ శివారు పొలానికి నీరు అందకపోతే రైతు తన మడిలో నీటిమట్టం కొలుస్తూ కూర్చోడు. బోదె వెంట పంట కాలువకు, పంట కాలువ నుంచి లాకులకు, అక్కడి నుంచి ధవళేశ్వరం హెడ్ స్లూయిజ్ దాకా ఎగువకు నడుస్తాడు. సర్వర్ గడియారం విషయంలోనూ అనుభవజ్ఞులు చేసేది అదే. ఎంత తప్పిందన్నది రెండో ప్రశ్న. అది ఎవరిని చూసి దిద్దుకుంటోంది, ఆ పైవాడు ఎవరిని చూసి దిద్దుకుంటున్నాడన్నది మొదటి ప్రశ్న. చాలా సంస్థల్లో ఆ పైవాడి పైన ఏముందో రాసిపెట్టిన కాగితమే ఉండదు. మరమ్మతుల్లో చాలా కాలం ఈ వెతుకులాటకే పోతుంది.

లినక్స్ యంత్రాల్లో సమయ సమన్వయానికి నేడు ఎక్కువగా వాడేది క్రోనీ అనే కార్యక్రమం. దాన్ని ‘సోర్సెస్’ అని అడిగితే ఏయే ఆధారాలున్నాయో, వాటిలో దేన్ని ఎంచుకుందో చెబుతుంది. ‘ట్రాకింగ్’ అని అడిగితే ఎంత తేడా ఉందో, గడియారం ఏ వేగంతో దారి తప్పుతోందో చెబుతుంది. ‘రీచ్’ అనే గడి ముఖ్యం. గత ఎనిమిది ప్రశ్నలకూ జవాబొస్తే అందులో 377 ఉంటుంది, ఇది అష్టాంశ పద్ధతిలో రాసిన సంఖ్య. సున్నా ఉంటే ఒక్క జవాబూ రాలేదు. అప్పుడు గడియారాన్ని కదపకూడదు, దారి చూడాలి. యూడీపీ 123 పోర్టును ఫైర్‌వాల్ ఆపిందా, పేరును అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ పనిచేస్తోందా అన్నవి చూడాలి. 2013, 2014లో ఎన్‌టీపీ సర్వర్లను వాడుకుని పెద్ద దాడులు జరిగాక ఈ పోర్టును కట్టడి చేసిన నెట్‌వర్క్‌లు చాలా ఉన్నాయి. జవాబులు వస్తున్నా ఆధారం ఎంపిక కాకపోతే వేరే కథ. ఆ సర్వరే పదహారో స్ట్రాటమ్‌లో ఉండవచ్చు, లేదా ఆధారాలు ఒకదానితో ఒకటి విభేదిస్తూ ఉండవచ్చు.

ఆధారాల సంఖ్య గురించి పెద్ద అపోహ ఉంది. ఒకటి కన్నా రెండు మేలనుకుంటారు. రెండు విభేదిస్తే ఏది సత్యమో తేల్చే మార్గం లేదు. మూడుంటే తప్పు చెప్పేదాన్ని మిగతా రెండూ పట్టిస్తాయి. వాటిలో ఒకటి ఆగిపోయినా నిలవాలంటే నాలుగు కావాలి.

తేడా ఎంత అన్నదాని కన్నా, ఆ తేడా ఎలాంటిదన్నది ఎక్కువ చెబుతుంది. సరిగ్గా ఐదున్నర గంటలైతే గడియారం బాగానే ఉంది, టైమ్ జోన్ అమరిక తప్పు, లేదా మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంటే యంత్రం దాన్ని ప్రపంచ సమయంగా చదువుతోంది. రోజుకు సెకనో రెండు సెకన్లో పెరుగుతూ పోతుంటే సమన్వయమే జరగడం లేదు. క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షల్లో ఇరవై పాళ్లు తప్పితే రోజుకు 1.7 సెకన్లు. రోహిణి కార్తె ఎండల్లో కరెంటు పోయి సర్వర్ గది ఏసీ ఆగితే ఈ వేగమూ మారుతుంది. సరిగ్గా 18 సెకన్ల తేడా కనబడితే ఉపగ్రహ రిసీవర్ జీపీఎస్ సమయాన్ని ప్రపంచ సమయంగా పంచుతోందని అర్థం. 2017 నుంచి వాటి మధ్య తేడా అంతే. దాదాపు పందొమ్మిదిన్నర ఏళ్లు వెనక్కి పోతే జీపీఎస్ వారాల లెక్క 1023 దాటి సున్నాకు తిరిగిందన్నమాట. 2019 ఏప్రిల్ 6న జరిగిందదే, పాత రిసీవర్లు చాలా అప్పుడు తేదీ తప్పాయి. గడియారం ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, దాన్ని ఇద్దరు దిద్దుతున్నారు.

మరమ్మతులో తొందర పనికిరాదు. ఎన్‌టీపీ సాధారణ కార్యక్రమం 128 మిల్లీసెకన్ల లోపు తేడాను గడియారపు వేగం మార్చి మెల్లగా సరిచేస్తుంది. ఆ వేగానికి పది లక్షల్లో ఐదు వందల పాళ్ల పరిమితి ఉంది కాబట్టి, ఒక సెకను తేడాను ఆ దారిన సరిచేయాలంటే 2000 సెకన్లు, అంటే అర గంట పైన పడుతుంది. 128 మిల్లీసెకన్లు మించిన తేడాను ఒక్క గెంతుతో సరిచేస్తుంది. 1000 సెకన్లు దాటితే ఇక్కడేదో పెద్ద తప్పు ఉందని భావించి తానే ఆగిపోతుంది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన సర్వర్, కరెంటు పోయి వచ్చాక ఎప్పటిదో పాత తేదీతో లేచి అలాగే ఉండిపోవడానికి ఇదే కారణం. నడుస్తున్న డేటాబేస్ కింద గడియారాన్ని చేత్తో వెనక్కి తిప్పడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఒకే క్షణం రెండుసార్లు వచ్చి, లావాదేవీల వరస చెడుతుంది. డేటాబేస్‌ను ఆపి, గడియారం సరిచేసి, తిరిగి మొదలుపెట్టాలి.

వర్చువల్ యంత్రాలు, విండోస్ డొమైన్లు

ఒక పెద్ద యంత్రంలో పదుల కొద్దీ వర్చువల్ సర్వర్లు నడిచే చోట ఇద్దరు దిద్దే సమస్య సాధారణం. లోపలి సర్వర్ ఎన్‌టీపీతో దిద్దుకుంటుంది, బయటి యంత్రం తన సమయాన్ని దానిమీద రుద్దుతుంది. హైపర్-వీ, వీఎంవేర్ రెండింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. ఏదో ఒక్కదాన్నే ఉంచాలి. స్నాప్‌షాట్ నుంచి లేపిన సర్వర్ ఆ స్నాప్‌షాట్ తీసిన నాటి సమయంతో లేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

విండోస్ డొమైన్‌లో అన్ని యంత్రాలూ డొమైన్ కంట్రోలర్‌ను చూస్తాయి, కంట్రోలర్లు పీడీసీ ఎమ్యులేటర్ పాత్ర ఉన్న ఒక్కదాన్ని చూస్తాయి. బయటి ఆధారం కట్టవలసింది ఆ ఒక్కదానికే. ఆ పాత్రను మరో సర్వర్‌కు మార్చినప్పుడు బయటి ఆధారం అమరిక దానితో వెళ్లదు. అది మరిచిపోతే కొన్ని వారాల తర్వాత డొమైన్ మొత్తం ఒకే దిశలో నెమ్మదిగా జారుతుంది. యంత్రాలన్నీ ఒకేలా తప్పుతాయి కాబట్టి లాగిన్లు బాగానే ఉంటాయి, బయటి సంస్థతో మాట్లాడినప్పుడే తేడా తెలుస్తుంది. ఆ కంట్రోలర్ వర్చువల్ యంత్రమై, దాన్ని మోస్తున్న బయటి యంత్రం అదే డొమైన్‌లో భాగమైతే, ఒకరినొకరు చూసి దిద్దుకుంటూ ఇద్దరూ తప్పుతారు.

పైవాడే తప్పితే

2012 నవంబరు 19న అమెరికా నౌకాదళ వేధశాల సర్వర్లు రెండు కాసేపు 2000 సంవత్సరాన్ని ప్రకటించాయి. వాటిని మాత్రమే నమ్ముకున్న విండోస్ డొమైన్లు పన్నెండేళ్లు వెనక్కి గెంతి, లాగిన్లు కుప్పకూలాయి. పెద్ద పేరున్న ఒక్క ఆధారం కన్నా సామాన్యమైన నాలుగు ఆధారాలు మేలని చూపిన సంఘటన ఇది.

అదే ఏడాది అంతకు ముందు లీప్ సెకను చిక్కు వచ్చింది. భూభ్రమణంతో పరమాణు సమయాన్ని కలపడానికి జూన్ 30 చివర ఒక సెకను చేర్చారు. మనకది జులై 1 ఉదయం 5.30కు పడింది. లినక్స్ కెర్నల్‌లోని దోషం వల్ల అనేక సర్వర్ల ప్రాసెసర్లు ఊపిరాడనంత పనిలో చిక్కుకున్నాయి. ఇలాంటి చిక్కు రాకుండా గూగుల్ వంటి సంస్థలు ఆ సెకనును ఇరవై నాలుగు గంటల మీద పరిచి పంచే పద్ధతి తెచ్చాయి. అలా పరిచే ఆధారాన్నీ పరచని ఆధారాన్నీ కలిపి వాడకూడదు, అటువంటి రోజున వాటి మధ్య అర సెకను వరకు తేడా వస్తుంది.

మన దేశంలో నియమాలు, ఆధారాలు

సైబర్ భద్రతను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో గానీ, వాటి నుంచి సమయం పొందే సర్వర్లతో గానీ కలపాలి. లాగ్‌లను 180 రోజులు దాచాలి, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి. చిన్న సంస్థలు సమయం గురించిన నిబంధనను లాంఛనంగా తీసుకుంటున్నాయి గానీ, సమయం పొందికలేని లాగ్‌లు 180 రోజులు దాచినా విచారణకు అక్కరకు రావు. భారత ప్రామాణిక సమయాన్ని చట్టపరంగా తప్పనిసరి చేసే ముసాయిదా నియమాలను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 జనవరిలో ప్రజల ముందుంచింది.

సొంత ఉపగ్రహ రిసీవర్ పెట్టుకునే సంస్థలకు మన దేశ ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మరో దారి. దాని తొలి తరం ఉపగ్రహాల్లో దిగుమతి చేసుకున్న పరమాణు గడియారాలు కొన్ని చెడిపోయాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 దేశీయంగా చేసిన రుబిడియం గడియారాన్ని మోసుకెళ్లింది. అయితే తీరప్రాంతంలో మేడ మీది యాంటెన్నాకు ఉప్పుగాలి, పిడుగు, తుపాను మూడూ శత్రువులే. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమలో యాంటెన్నా ఒక్కటే ఆధారం కాకూడదు. నెట్‌వర్క్ మీది ఆధారం తోడుండాలి. రెండూ పోయినా కొన్ని రోజులు సమయం నిలిపే మంచి ఆసిలేటర్ కూడా సర్వర్‌లో ఉంటే ఇంకా నయం.

రాబోయే తేదీలు

లీప్ సెకను పద్ధతికి 2035 నాటికి స్వస్తి పలకాలని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ నిర్ణయించింది. ఎన్‌టీపీ సెకన్ల లెక్క 1900లో మొదలై 32 బిట్లలో సాగుతుంది. అది 2036 ఫిబ్రవరి 7న, మన సమయం ఉదయం 11.58 దాటిన కొన్ని సెకన్లకు నిండిపోయి సున్నాకు తిరుగుతుంది. 1970 నుంచి లెక్కించే పాత 32 బిట్ల కంప్యూటర్ గడియారాలు 2038 జనవరి 19 ఉదయం 8.44కు నిండిపోయి తప్పుడు తేదీకి గెంతుతాయి. పెద్ద సర్వర్లు ఇప్పటికే చాలావరకు సిద్ధంగా ఉన్నాయి. లాకుల దగ్గరి నీటిమట్టం నమోదు పెట్టెలు, గ్యాస్ బావుల కంట్రోలర్లు, దుకాణాల కెమెరా రికార్డర్లు వంటివి మాత్రం ఒకసారి బిగించాక ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోరు. ఇవాళ కొనే అలాంటి పరికరం ఆ తేదీలు దాటి పనిచేస్తుందని టెండరు పత్రంలోనే రాయించుకోవాలి.